సైన్స్ మ్యూజియంలో పిల్లలు బటన్లు నొక్కి పరిగెత్తకుండా ఉండాలంటే

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఐదేళ్ల బాబు, పదేళ్ల పాప. పోయినసారి సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్తే కనిపించిన బటనల్లా నొక్కుకుంటూ పరిగెత్తారు. రెండు గంటల్లో అన్ని హాళ్లూ అయిపోయాయి. ఇంటికొచ్చాక ఏం చూశారంటే ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు. ఈసారి ఎలా తీసుకెళ్లాలి, ఏవి చూపించాలి, వాళ్లకి అర్థమయ్యేలా ఏం చెప్పాలి?

చివరి ముక్కకి ముందు జవాబు చెప్పేస్తాను: వీలైనంత తక్కువ చెప్పండి. చేయించాల్సింది చాలా ఉంది, చెప్పాల్సింది పెద్దగా లేదు.

ఇక లెక్క. మ్యూజియంలో రెండు వందల ఎగ్జిబిట్లు ఉన్నా మీరు ఒక పూటకి ఎనిమిది, మహా అయితే పది పెట్టుకోండి. ఒక్కో దాని దగ్గర పది నిమిషాలు ఆగాలి, ఏదో ఒకటి మార్చి మళ్లీ చేయాలి. టికెట్ డబ్బు గిట్టాలని అన్ని హాళ్లూ తిప్పితే మిగిలేది కాళ్ల నొప్పులే.

ఏ పది అన్నది ఎలా తేల్చాలి? ఒక తేలికైన పరీక్ష ఉంది. బటన్ నొక్కితే ఒక బొమ్మ తిరిగి, ఒక లైటు వెలిగి, మళ్లీ నొక్కితే అచ్చం అదే జరిగిందంటే దాన్ని దాటేయొచ్చు. దూరం, ఎత్తు, వాలు, వేగం, బరువు వీటిలో ఏదో ఒకటి పిల్లవాడి చేతిలో ఉండి, అది మారిస్తే ఫలితం మారుతుంటే అక్కడ ఆగండి. పిల్లలు పరిగెత్తేది ఎక్కువగా మొదటి రకం దగ్గరి నుంచే. ఒక్కసారి నొక్కాక అక్కడ చేయడానికి ఇంకేమీ ఉండదు మరి, వాళ్ల తప్పేముంది?

రెండో రకం ఎగ్జిబిట్లు ప్రపంచమంతా దాదాపు ఒకేలా కనిపించడానికి ఒక కారణం ఉంది. భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియం మొదలుపెట్టాడు. తమ ఎగ్జిబిట్లు ఎలా తయారు చేసుకోవాలో ఆ సంస్థ వివరంగా పుస్తకాలు అచ్చేసి ఎవరైనా చేసుకోండని వదిలేసింది. అందువల్ల కింద చెప్పేవాటిలో చాలావరకు మీరు వెళ్లే చోటా ఉంటాయి.

వెళ్లే ముందు

వారపు సెలవు ఏ రోజో, ఏ హాలైనా మరమ్మతులో ఉందేమో ముందే కనుక్కోండి. ప్లానిటోరియం, త్రీడీ సినిమా, సైన్స్ డెమో వీటికి టైములు ఉంటాయి, టికెట్టు తరచుగా విడిగా ఉంటుంది. రోజు మొత్తాన్ని నడిపేవి ఈ టైములే కాబట్టి ముందు అవి ఖాయం చేసుకుని మిగతాది వాటి మధ్యలో సర్దుకోవాలి. ఐదేళ్ల బాబుకి చీకటంటే భయమైతే ప్లానిటోరియంలో తలుపు పక్కన, వరస చివర కూర్చోండి. షో మొదలయ్యాక బయటికి రావాలంటే నడుమ సీట్ల నుంచి చాలా ఇబ్బంది. అద్దాలు పెట్టుకునే త్రీడీ సినిమా ఈ వయసుకి అంత అచ్చిరాదు. అద్దాలు ముక్కు మీద నిలవవు, పట్టుకుని కూర్చోవాలి.

స్కూలు రోజుల్లో పిల్లల బస్సులు పొద్దున పది, పదకొండు మధ్య దిగుతాయి. తెరవగానే వెళ్లండి, లేదంటే మధ్యాహ్నం వాళ్లు వెళ్లిపోయాక వెళ్లండి. పొద్దున వెళ్తే గేటు దగ్గరి హాలుతో మొదలుపెట్టొద్దు. అందరూ అక్కడే మొదలుపెడతారు. నేరుగా పై అంతస్తుకో చివరి హాలుకో వెళ్లి వెనక్కి రండి, మొదటి గంట ఖాళీగా దొరుకుతుంది. శబ్దానికి సంబంధించిన ఎగ్జిబిట్లు ఉంటే వాటిని ఆ గంటలోనే చేయించాలి. ఎందుకో కింద చెప్తాను.

బట్టల సంగతి చిన్నదే గానీ తేడా తెస్తుంది. పాపకి ప్యాంటు, కట్టిన జుట్టు, చున్నీ లేని డ్రెస్సు. తిరిగే కుర్చీ, కప్పీలు, గేర్లు ఉన్న చోట వేలాడే గుడ్డ ప్రమాదం. ఇద్దరికీ మూసి ఉండే బూట్లు. నీళ్ల బల్ల ఉందంటే బాబుకి ఒక జత బట్టలు అదనంగా. చిన్న నోటు పుస్తకం, పెన్సిలు, ఒక అడుగు స్కేలు, సెకన్లు చూపే ఫోను. సంచిలో ఇంతకంటే బరువు పెట్టకండి.

లోపలికి వెళ్లాక మొదటి పదిహేను, ఇరవై నిమిషాలు వాళ్లని వదిలేయండి. నొక్కనీ, పరిగెత్తనీ. కొత్త చోటు, వంద శబ్దాలు, ఎటు చూసినా కదిలే వస్తువులు. ఆ ఉబలాటం కాస్త తీరాక గానీ దేని మీదా ధ్యాస నిలవదు. ఆ ఇరవై నిమిషాల్లో మీరు చేయాల్సిన పని ఒకటుంది: ఏ ఎగ్జిబిట్ దగ్గరికి వాళ్లంతట వాళ్లు రెండోసారి వచ్చారో చూసి పెట్టుకోవడం. మీ పదిలో మొదటివి అవే.

ఏ ఎగ్జిబిట్ దగ్గర ఏం చేయాలి

చాలా ఎగ్జిబిట్లు చిన్న పొరపాటు వల్ల "పనిచేయవు". పిల్లవాడు ఒకసారి ప్రయత్నించి, ఏమీ జరక్కపోతే వెళ్లిపోతాడు. ఎక్కడ బెసుకుతుందో పెద్దవాళ్లకి తెలిస్తే చాలు.

గుసగుస డిష్‌లు. హాలు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మనిషంత పెద్ద గిన్నెలాంటి డిష్‌లు ఎదురెదురుగా ఉంటాయి. పిల్లలు చేసే తప్పు: అవతల ఉన్న అక్క వైపు తిరిగి అరవడం. అలా కాదు. అక్కకి వీపు పెట్టి, డిష్ వైపు తిరిగి, డిష్ ముందు ఒక కమ్మీకి బిగించిన చిన్న రింగు దగ్గర నోరు పెట్టి మామూలుగా మాట్లాడాలి. అవతలి వాళ్లు తమ రింగు దగ్గర చెవి పెట్టాలి. ఆ రింగు ఉన్న చోటే డిష్ నాభి. అక్కడ పుట్టిన శబ్దం డిష్‌కి తగిలి సమాంతరంగా అవతలికి వెళ్లి, రెండో డిష్ దాన్ని మళ్లీ ఒక బిందువుకి చేరుస్తుంది. ఐదేళ్ల బాబుకి రింగు అందకపోతే ఎత్తుకోండి. ఆ ఎత్తు తేడాతోనే సగం మందికి ఇది విఫలమవుతుంది. వినపడ్డాక తలని ఒక జానెడు పక్కకి జరపమనండి, గొంతు ఎంత తగ్గిపోతుందో తెలుస్తుంది. ఇంకోసారి ఇద్దరి మధ్యలో మీరు నిలబడి, మీకు వినపడుతుందో లేదో వాళ్లనే అడగండి. హాలు నిండితే ఇవేవీ వినపడవు, అందుకే మొదటి గంటలో.

దొర్లుడు పందెం. వాలు బల్ల మీద గట్టి గోళం, గట్టి బిళ్ల, బోలు రింగు పక్కపక్కనే పెట్టి వదలాలి. వదిలే ముందు ఇద్దరిచేతా పందెం కట్టించండి. బరువైనది గెలుస్తుందని పాప అంటుంది, దాదాపు అందరూ అలాగే అంటారు. చేతులతో వదిలితే ఒకటి ముందూ ఒకటి వెనకా అయ్యి గొడవ మొదలవుతుంది. స్కేలు తీసి మూడింటికీ అడ్డంగా నిలబెట్టి, వాలు దిగే వైపుకి ఒక్కసారిగా లాగేయండి. గోళం మొదట, బిళ్ల రెండోది, రింగు చివర. బరువైన గోళం, తేలికైన గోళం పెట్టి చూస్తే రెండూ కలిసే దిగుతాయి. బరువుతో పనిలేదు, ఆ బరువు మధ్యలో ఉందా అంచున ఉందా అన్నదే లెక్క. బరువు అంచుల్లో ఉన్నదాన్ని తిప్పడానికి ఎక్కువ శక్తి పోతుంది, ముందుకు పోవడానికి తక్కువ మిగులుతుంది. ఈ మాట పాపకి చెప్పొచ్చు. అయితే పందెం ఓడిపోయి, "మరి ఎందుకు?" అని తనే అడిగాక చెప్పండి, అంతకు ముందు వద్దు.

తిరిగే కుర్చీ. పై ఎగ్జిబిట్‌కి ఇది అక్క. వెంటనే దీని దగ్గరికి వెళ్తే రెండూ ఒకటేనని పాప తనే పట్టుకునే అవకాశం ఉంది. కుర్చీలో కూర్చుని చేతులు చాచి, మీరు నెమ్మదిగా తిప్పాక చేతులు గుండెల దగ్గరికి లాక్కోవాలి, వేగం పెరుగుతుంది. ఇక్కడ చెడేది ఒక్కటే: పెద్దవాళ్లు మొదట్లోనే గట్టిగా తిప్పేస్తారు. అప్పుడు చేతులు ముడిచేసరికి కళ్లు తిరిగి పిల్లలు పక్కకి వాలతారు. నాలుగైదు సెకన్లకి ఒక చుట్టు, అంతే చాలు. చేతిలో బరువులు ఉంటే తేడా ఇంకా స్పష్టంగా ఉంటుంది. నాలుగు చుట్లు దాటనివ్వకండి, తిన్న వెంటనే అసలే వద్దు. పక్కన సైకిలు చక్రం ఉంటే, దాన్ని ఇరుసు అడ్డంగా ఉండేలా పట్టుకుని వేరేవాళ్లచేత బాగా వేగంగా తిప్పించి, ఇరుసుని నిలువుగా వంచాలి. కుర్చీ తనంతట తను తిరగడం మొదలుపెడుతుంది, రెండో వైపుకి వంచితే ఎదురు దిక్కున తిరుగుతుంది. చక్రం నెమ్మదిగా తిరుగుతుంటే ఏమీ జరగదు. వేళ్లు ఊచల్లోకి పోకుండా చూసుకోండి.

రంగు నీడలు. తెల్ల గోడ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మూడూ పడుతుంటాయి, గోడ తెల్లగానే కనిపిస్తుంది. మధ్యలో చెయ్యి పెడితే నీలి ఆకుపచ్చ, గులాబీ ఊదా, పసుపు రంగుల్లో మూడు నీడలు. గోడకి మరీ దగ్గరగా నిలబడితే మూడూ కలిసిపోయి నల్లగా కనిపిస్తాయి, మరీ దూరమైతే పలచబడతాయి. సుమారు ఒక మీటరు దూరంలో మొదలుపెట్టండి. ఇక్కడ ఇద్దరికీ పని ఉంది. బాబుకి తన నీడ రంగు మార్చుకోవడమే పెద్ద ఆట. పాపకి అడగాల్సింది: పసుపు నీడ ఏ దీపం అడ్డుపడితే వచ్చింది? ఒక్కో దీపాన్ని అట్టముక్కతో మూసి కనుక్కోమనండి. నీలం మూస్తే గోడంతా పసుపు, అంటే ఎరుపూ ఆకుపచ్చా కలిసి పసుపు అయ్యాయన్నమాట. వాటర్ కలర్స్‌లో ఆ రెండూ కలిపితే మట్టి రంగు వస్తుందని తనకి తెలుసు. అక్కడ తల గోక్కుంటూ నిలబడితే మీరు తొందరపడి జవాబు ఇవ్వకండి.

చేతి జనరేటర్. పిడి తిప్పితే బల్బు వెలుగుతుంది. దీన్ని అందరూ ఒకసారి తిప్పి వదిలేస్తారు. చూడాల్సింది బల్బులో లేదు, చేతిలో ఉంది. స్విచ్ ఆపేసి ఖాళీగా తిప్పించండి, పిడి సులువుగా తిరుగుతుంది. పిల్లవాడు తిప్పుతూ ఉండగానే చెప్పకుండా స్విచ్ వేయండి. పిడిని ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు చెయ్యి ఒక్కసారిగా బరువెక్కుతుంది. ఎల్ఈడీ, పాతకాలపు ఫిలమెంట్ బల్బు రెండూ ఉంటే మార్చి మార్చి చూడండి. ఎల్ఈడీకి వేలితో తిప్పినా చాలు, ఫిలమెంట్ బల్బుకి భుజం నొప్పెడుతుంది. కరెంటు ఊరికే రాదన్న సంగతి ఐదేళ్ల చేతికి కూడా తెలిసిపోతుంది.

రాగి గొట్టం, అయస్కాంతం. ముందు అయస్కాంతం గొట్టానికి అతుక్కుంటుందో లేదో చూడమనండి. అతుక్కోదు. ఇప్పుడు గొట్టంలో వేస్తే మామూలు ఇనుప బిళ్లలా టక్కున పడాలి కదా? పడదు, తేలుతున్నట్టు నెమ్మదిగా దిగుతుంది. అతుక్కోవడం పరీక్షించకుండా నేరుగా వేయిస్తే పిల్లలు "అంటుకుని దిగుతోంది" అనుకుని సరిపెట్టుకుంటారు, ఆశ్చర్యమంతా పోతుంది. పైనుంచి గొట్టంలోకి తొంగి చూస్తే గోడలకి తగలకుండా దిగడం కనిపిస్తుంది. కదిలే అయస్కాంతం రాగిలో కరెంటు సుడులు పుట్టిస్తుంది, అవి దాని కదలికకే అడ్డుపడతాయి. చేతి జనరేటర్‌లో పిడి బరువెక్కడం, ఇదీ ఒకే కోవలోవి. అందుకే ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి.

గాలిలో తేలే బంతి. పైకి ఊదే గాలి మీద బంతి నిలబడుతుంది. గొట్టాన్ని వంచినా పడదు, ఎంత వంచితే పడుతుందో కనుక్కోవడం బాబు పని. బంతిని వేలితో మెల్లిగా పక్కకి లాగితే అది తిరిగి గాలిలోకి గుంజుకుంటుంది, ఆ లాగుడు వేలికి తగలాలి. కొట్టి ఆడేవాళ్లకి అది తెలియదు. ఇక్కడి బోర్డు మీద చాలాచోట్ల వేగంగా పోయే గాలికి పీడనం తక్కువ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. ఊదే గాలి, బంతి ఒంటిని అంటిపెట్టుకుని వంగి ఒక పక్కకి మళ్లుతుంది, బంతి గాలిని అటు నెడితే గాలి బంతిని ఇటు నెడుతుంది అని చెప్తే పిల్లలకి అందుతుంది. విమానం రెక్క బోర్డు కనిపిస్తే ఇంకొంచెం జాగ్రత్త. రెక్క పైన దూరం ఎక్కువ కాబట్టి, కింది గాలితో పాటే చివరికి చేరడానికి పైగాలి వేగంగా పోతుందని కొన్నిచోట్ల ఇంకా రాసి ఉంటుంది. అది తప్పు. రెండు గాలులూ కలిసి చేరాలన్న నియమం ఏదీ లేదు, నిజానికి పైగాలి ముందే చేరిపోతుంది. బోర్డు మీద ఉన్నదల్లా పరమ సత్యం కాదని పాపకి తెలియడం మంచిదే.

ఫూకో లోలకం. పెద్ద మ్యూజియంలో మధ్య హాలులో ఎత్తైన కప్పు నుంచి వేలాడుతుంది. పిల్లలు ఒక నిమిషం చూసి వెళ్లిపోతారు, ఎందుకంటే ఒక నిమిషంలో ఇక్కడ ఏమీ జరగదు. దీన్ని రెండుసార్లు చూడాలి. రాగానే అది ఏ గీత మీదుగా ఊగుతోందో, లేదా ఏ మేకు దగ్గరికి వెళ్తోందో ఫొటో తీసుకోండి. వెళ్లేటప్పుడు మళ్లీ చూడండి. ఊగే దిశ తిరిగి ఉంటుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫూకో 1851లో ప్యారిస్‌లోని పాంథియాన్‌లో 67 మీటర్ల తీగకి 28 కిలోల గుండు వేలాడదీసి భూమి తిరుగుతోందని జనానికి చూపించింది ఇలాగే. ఎంత తిరుగుతుందన్నది అక్షాంశాన్ని బట్టి ఉంటుంది: ధ్రువం దగ్గర గంటకి 15 డిగ్రీలు, 45 డిగ్రీల అక్షాంశంలో 10.6, 30 డిగ్రీల అక్షాంశంలో ఏడున్నర, భూమధ్యరేఖ మీద సున్నా. మీ ఊరి అక్షాంశం సైన్‌ని 15తో గుణిస్తే మీ లెక్క వస్తుంది. కొన్నిచోట్ల చుట్టూ నిలబెట్టిన మేకుల్ని గుండు ఒక్కొక్కటిగా పడగొడుతుంటుంది, ఒకటి పడ్డాక రెండోదానికి చాలాసేపు పడుతుంది. అక్కడే కాపలా కాయకుండా వేరే హాలు చూసి రండి.

పదేళ్ల పాపకి దీని దగ్గర ఇంకో పని ఇవ్వొచ్చు. కప్పు దాకా ఉన్న ఆ తీగ పొడవు ఎంతో నిచ్చెన లేకుండా కొలవడం. గుండు ఒక కొస నుంచి బయల్దేరి మళ్లీ అదే కొసకి వస్తే ఒక ఊపు. పది ఊపులకి ఎన్ని సెకన్లో ఫోనులో చూడాలి, పదితో భాగించాలి, వచ్చినదాన్ని దానితోనే గుణించాలి, నాలుగుతో భాగించాలి. పది ఊపులకి 60 సెకన్లు పడితే ఒక ఊపుకి 6, ఆరార్లు 36, నాలుగో వంతు 9. తీగ సుమారు 9 మీటర్లు. చాలా లోలకాల పొడవు పక్కన బోర్డు మీద రాసే ఉంటుంది, లెక్క పూర్తయ్యేదాకా దాన్ని చూడనివ్వకండి. తేడా ఎక్కువగా వస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: మొదటి ఊపు బయల్దేరేటప్పుడు "సున్నా" అనాల్సింది "ఒకటి" అని లెక్కపెట్టి ఉంటారు.

అద్దాల హాలు మీద ఎక్కువ చెప్పను, అక్కడ పిల్లలకి మన సాయం అక్కర్లేదు. రెండు అద్దాల మధ్య కోణం మార్చేది ఉంటే బొమ్మల్ని లెక్కపెట్టించండి: 90 డిగ్రీలకి మూడు, 60కి ఐదు, 45కి ఏడు. సూత్రం పాప తనే తీస్తుంది. పెద్ద పుటాకార దర్పణం, అంటే లోపలికి గుంటగా ఉన్న అద్దం ఉంటే దూరం నుంచి నెమ్మదిగా నడుచుకుంటూ దగ్గరికి రమ్మనండి. తలకిందులుగా ఉన్న బొమ్మ ఒక చోట చెదిరిపోయి, ఇంకా దగ్గరికి వస్తే నిటారుగా, పెద్దదిగా అవుతుంది.

వాన్ డి గ్రాఫ్ జనరేటర్, అంటే చెయ్యి వేస్తే జుట్టు నిక్కబొడుచుకునేలా చేసే లోహపు గుండు, సాధారణంగా డెమోలో ఉంటుంది. పాప ఎక్కుతానంటే ముందురోజు తలస్నానం చేసి, నూనె రాయకుండా తీసుకెళ్లండి. జిడ్డు జుట్టు, తడి గాలి రెండూ దీనికి శత్రువులు. వానాకాలం రోజున ఇది సరిగ్గా పనిచేయదు, ఆపరేటర్ తప్పు కాదు. క్లిప్పులు తీసేయాలి, ఫోను జేబులో ఉండకూడదు. మిషను ఆగి ఉన్నప్పుడే గుండు మీద చెయ్యి వేసి, ఆపి విద్యుత్తు తీసేసే దాకా ఎత్తకూడదు. మధ్యలో చెయ్యి తీసి మళ్లీ దగ్గరికి తెస్తే చురుక్కుమంటుంది. చిన్నవాణ్ని బలవంతం చేయొద్దు. పేస్‌మేకర్, కాక్లియర్ ఇంప్లాంట్ లాంటి పరికరాలు ఒంట్లో ఉన్నవాళ్లు దీనికీ, పెద్ద అయస్కాంతాలకీ దూరంగా ఉండాలి. ఇది పిల్లలతో వచ్చే తాతయ్య, నానమ్మలకి కూడా వర్తిస్తుంది.

ఏదైనా ఎగ్జిబిట్ నొక్కినా కదలకపోతే అరనిమిషం ఆగండి. చాలావాటికి టైమర్ ఉంటుంది, ముందువాళ్లు నొక్కింది పూర్తయ్యాక గానీ మళ్లీ మొదలవదు. మళ్లీ మళ్లీ నొక్కితే కొన్ని మొదటి నుంచి లెక్కపెడతాయి. నిజంగా పాడైతే సిబ్బందికి చెప్పి ముందుకు వెళ్లండి. ఇన్ని చేతులు పడే చోట కొన్ని పనిచేయకపోవడం మామూలే.

మీరు ఏం మాట్లాడాలి

బోర్డు చదివి వినిపించడం మానేయండి. పెద్దవాళ్లు బోర్డు చదువుతున్నంతసేపూ పిల్లవాడి చేతులు ఖాళీగా ఉంటాయి, అది పూర్తయ్యేసరికి వాడు పక్క హాలులో ఉంటాడు. ముందు చేయనివ్వండి, మీరు ఈలోపు మౌనంగా చదువుకోండి, ఎక్కడ బెసికితే అక్కడ ఒక్క ముక్క అందించండి.

అడగడానికి మూడు ప్రశ్నలు సరిపోతాయి. చేసే ముందు: "ఏమవుతుందంటావ్?" చేశాక: "ఏమైంది?" తర్వాత: "ఇప్పుడు ఏం మారుద్దాం?" ఒకసారికి ఒక్కటే మార్చాలి. వాలూ బరువూ రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో ఎవరికీ తెలియదు. "ఎందుకు?" అన్న ప్రశ్న మీ నోటి నుంచి రాకపోతేనే మంచిది. ఐదేళ్లవాడికి అది పరీక్షలా వినపడి నోరు మూతపడుతుంది. అదే ప్రశ్న వాడు అడిగితే, తెలిస్తే రెండు వాక్యాల్లో చెప్పండి, తెలియకపోతే "ఇంకోసారి చేసి చూద్దాం పద" అనండి.

అంచనా తప్పితే నవ్వొద్దు, సరిదిద్దొద్దు. పాప తమ్ముడికి వివరించడం మొదలుపెడితే మాత్రం మెల్లిగా ఆపండి. పెద్ద పిల్లలు జవాబు ముందే చెప్పేసి చిన్నవాళ్ల ఆట పాడుచేస్తారు. పని పంచండి: బాబు తిప్పుతాడు, వదులుతాడు, నెడతాడు. పాప ముందుగా అంచనా కాగితం మీద రాసి మడిచి పెడుతుంది, కొలుస్తుంది, లెక్కపెడుతుంది. వంతుల గొడవకి నిమిషాల లెక్క పనిచేయదు. "నీకు మూడుసార్లు, వాడికి మూడుసార్లు" అంటే ఇద్దరూ లెక్కపెట్టుకోగలరు. ఇద్దరు పెద్దవాళ్లు వెళ్తే ఒక గంట విడిపోయి చెరొకరిని తీసుకెళ్లడం అన్నిటికంటే తేలిక.

బాబు నీళ్ల బల్ల దగ్గరే ముప్పావు గంట ఉండిపోతే? ఉండనివ్వండి. ఆనకట్ట కట్టి, తెంచి, పడవ వదిలి, మళ్లీ కట్టి, వాడు అక్కడ చేస్తున్నది మీ పదిలో మూడింటికి సమానం.

అలసట, చిరాకు, భద్రత

మ్యూజియం అలసట అన్నది పాత సంగతే. బోస్టన్ కళా మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే దీని మీద రాశాడు. అద్దాల పెట్టెల్లోని వస్తువుల్ని చూడటానికి మనిషి ఎన్ని రకాలుగా వంగి, కూర్చుని, మెడ తిప్పాలో ఫొటోలు తీయించి చూపించాడు. పిల్లలకి ఇది తిరగబడుతుంది: పెద్దల ఎత్తుకి చేసిన బల్లల దగ్గర మునివేళ్ల మీద నిలబడాలి, మెడ ఎత్తి చూడాలి. బాబు ఉన్నట్టుండి పేచీ పెడితే ముందు అనుమానించాల్సింది ఇది, ఆకలి, మూత్రం. స్టూలు ఉంటే జరుపుకోండి, లేకపోతే ఎత్తుకోండి.

ఐదేళ్లవాడికి గంటన్నర, మధ్యలో ఒక విరామంతో. పదేళ్ల పాపకి రెండున్నర, మూడు గంటలు. ఇద్దరూ కలిసి ఉంటే చిన్నవాడి లెక్కే మీ లెక్క. నలభై ఐదు నిమిషాలకోసారి హాలు బయట, చప్పుడు లేని చోట పది నిమిషాలు కూర్చోబెట్టండి. తినే ముందు చేతులు సబ్బుతో కడగాలి. ఊదే గొట్టాలకి నోరు తగలనివ్వకండి.

తిరిగే సొరంగం వంతెన ఉంటే, చుట్టూ చుక్కల గొట్టం తిరుగుతుంటే వంతెన ఒరిగిపోతున్నట్టు అనిపిస్తుంది. భయపడితే కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకోమనండి, కదలిక ఆగిపోతుంది. కదిలింది వంతెన కాదని అప్పుడు తెలుస్తుంది. వేగంగా మిణికే స్ట్రోబ్ దీపాలున్న గదికి బయట హెచ్చరిక ఉంటుంది, మూర్ఛ ఉన్న పిల్లల్ని లోపలికి తీసుకెళ్లకూడదు. పెద్ద శబ్దాలకి బెదిరే పిల్లలైతే విద్యుత్ మెరుపుల డెమోలకి వెనక వరస, చెవులకి రక్షణ.

లోపలికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఇద్దరినీ ఆ రోజు బట్టల్లో ఒక ఫొటో తీయండి. తప్పిపోతే సిబ్బందికి చూపించడానికి అది పనికొస్తుంది. బాబు ముంజేతి మీద మీ ఫోను నంబరు బాల్ పెన్నుతో రాయండి. సిబ్బంది యూనిఫాం ఎలా ఉందో చూపించి, తప్పిపోతే వాళ్ల దగ్గరికే వెళ్లమనండి. కలుసుకునే చోటుగా "గేటు" అనకండి, గేట్లు రెండు మూడు ఉంటాయి. లోలకం గుండు, డైనోసార్ అస్థిపంజరం లాంటిది దూరం నుంచే కనిపిస్తుంది.

ఇంటికి వచ్చాక

సావనీర్ షాపులో కొనిపెట్టే కిట్టు కంటే ఇంట్లో ఉన్న స్కేలు మెరుగు. మ్యూజియంలో ప్రతిస్పందన వేగం కొలిచే మిషను చూసి ఉంటారు, దీపం వెలగగానే నొక్కాలి. అదే ఇంట్లో చేయొచ్చు. 30 సెంటీమీటర్ల స్కేలుని మీరు పై కొస పట్టుకుని నిలువుగా వేలాడదీయండి. కింద పాప బొటనవేలు, చూపుడువేలు సున్నా గీతకి అటూ ఇటూ, తాకకుండా. చెప్పకుండా వదలండి, పట్టుకోవాలి. వేళ్ల దగ్గర 20 సెంటీమీటర్లు ఉంటే పట్టింది సుమారు 0.2 సెకన్లు, 30 అయితే దాదాపు పావు సెకను, 5 అయితే 0.1 సెకను. 5 వచ్చిందంటే మీరు వదలకముందే మీ వేళ్లు చూసి ఊహించి మూసేసిందని అర్థం, అది లెక్కలోకి రాదు. ఐదుసార్లు చేసి, చిన్నదీ పెద్దదీ తీసేసి మిగతా మూడింటి సగటు చూడండి. ఇద్దరిదీ, మీదీ రాసి పెట్టండి. తర్వాత మాట్లాడుతూ ఒకసారి, ఎడమ చేత్తో ఒకసారి. బాబు వేళ్లు చిన్నవి, స్కేలు జారిపోతుంటే వెడల్పాటి చెక్క స్కేలు ఇవ్వండి.